పులుల లెక్క, పలక మీది లెక్క

పిల్లలూ! ఆత్మకూరు దాటి దోర్నాల దారి పట్టితే నల్లమల అడవి వస్తుంది. అక్కడి పులులను ఎలా లెక్కిస్తారో తెలుసా? ఎదుట నిలబడి ఒకటీ రెండూ అనడం ఎవరి తరం? దారి పక్కన కెమెరాలు కట్టి, ఫొటోల్లోని చారలు పోల్చి చూస్తారు. మన వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒకటిగా వుండవు. ఏ పులి ఎక్కడ, ఎన్నిసార్లు పడిందో తెలిస్తే, కెమెరాకు చిక్కని వాటితో సహా ఎన్ని వుండవచ్చునో సాంఖ్యక శాస్త్రం అంచనా కడుతుంది.

ఇది చేత్తో తెమిలే లెక్క కాదు. ఇటువంటి లెక్కలకు “ఆర్” అనే ప్రోగ్రాము వున్నది. 1990ల మొదట్లో న్యూజీలాండులో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ దీన్ని తయారుచేశారు.

గంటల తరబడి లెక్క సాగి, ప్రోగ్రాము హఠాత్తుగా ఆగిపోతే? ఒకసారి నా రెండు రోజుల లెక్క అలాగే పోయింది, ఏడుపొక్కటే తక్కువ! ఆర్ తన లెక్కనంతా కంప్యూటరు జ్ఞాపకంలో వుంచుకుంటుంది. అది పలక, ప్రోగ్రాము ఆగితే చెరిగిపోతుంది. డిస్కు నోటుపుస్తకం; దానిలో రాసినది నిలుస్తుంది.

అందుకని, చేయవలసిన పనులను వరుసగా ఆజ్ఞలుగా రాసి డిస్కులో దాచాలి. మళ్లీ నడిపిస్తే లెక్క తిరిగి వస్తుంది. పెద్ద లెక్కయితే నడుమ నడుమ వచ్చిన ఫలితాన్నీ దాచాలి; అప్పుడు ఆగినచోటినుంచే సాగవచ్చు. తరచు జ్ఞాపకం నిండిపోవడమే కారణం గనుక, ముందు కొద్ది ఫొటోలతో నడిపి చూడటం మేలు.

అసలు ఫొటోల జోలికి మాత్రం ప్రోగ్రామును పోనివ్వరాదు. దానికి నకలే ఇవ్వాలి. లెక్క పోతే మళ్లీ చేస్తాం. ఫొటో పోతే, ఆ పులి ఆ రాత్రి మళ్లీ నడిచి వస్తుందా?