రాసిపెట్టి ఉన్నది కాదు, లైట్లు లేని లారీ

ఈ వారం ఒక పెదకర్మకు వెళ్లాను. పోయిన కుర్రాడికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. రాత్రి డ్యూటీ ముగించుకుని బైకు మీద ఇంటికొస్తూ, రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీని వెనకనుంచి ఢీకొన్నాడు. బంధువుల్లో పెద్దాయన ఒకరు వాళ్లమ్మ పక్కన కూర్చుని, "ఏం చేస్తామమ్మా, వాడికి అంతే రాసిపెట్టి ఉంది. పైవాడు ఏం చేసినా దానికో కారణం ఉంటుంది" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. ఆవిడ మాత్రం తలెత్తి, "ఏం కారణం బాబాయ్?" అని అడిగింది. ఒక్కరూ నోరు మెదపలేదు.

ఆవిడ అడిగినదానికి జవాబుంది. ఆ లారీ సాయంత్రం నుంచీ అక్కడే ఉంది. చెడిపోయిందని డ్రైవరు వెనకాల రెండు వేపకొమ్మలు విరిచి పడేసి, నాలుగు రాళ్లు పేర్చి, మెకానిక్కు కోసం ఊళ్లోకి వెళ్లాడు. వెనక లైట్లు వెలగవు. రేడియం స్టిక్కర్ల మీద వేలెడు మందాన మట్టి. ఆ మలుపులో స్తంభం ఉంది కానీ దీపం వెలిగి చాలాకాలమైందని పక్కనున్న టీ బండి ఆయన చెప్పాడు. జిల్లా పేజీల్లో రోజూ చదివే 'ఆగి ఉన్న లారీని ఢీకొని' అన్న వార్త పుట్టేది ఇలాగే. కారణం కావాలంటే ఇదీ కారణం. దీనికి జాతకం తిరగెయ్యక్కర్లేదు, రోడ్డు మీదికి వెళ్లి చూస్తే చాలు.

ఆ కుర్రాడు ఓ పావుగంట ఆలస్యంగా బయల్దేరి ఉంటే బతికేవాడేమో. లారీ ఇంకో ఫర్లాంగు నడిచి ఆగినా బతికేవాడేమో. ఆ రెండూ ఆ క్షణంలో ఒకచోట కలవడం కాకతాళీయం. దాని వెనక శిక్ష లేదు, పరీక్ష లేదు, ఏ సందేశమూ లేదు. ఈ మాట కటువుగా వినిపిస్తుందని నాకు తెలుసు. కానీ కన్నతల్లితో "నీ బిడ్డ చావుకు ఓ ప్రయోజనం ఉంది" అనడం కంటే ఇది వెయ్యిరెట్లు దయగల మాట. కారణం ఉందని చెప్పి వదిలేస్తే ఆవిడ రాత్రంతా దాన్ని వెతుక్కుంటూ కూర్చుంటుంది. ఏ మొక్కు తీర్చలేదో, ఎవరి ఉసురు పోసుకున్నానో అని తనను తానే తవ్వుకుంటుంది.

తనను తాను తవ్వుకోవడంతోనూ పోదు. ఆ రోజు పెరటివైపు వసారాలో ఇద్దరు ఆడవాళ్లు గుసగుసగా అనుకుంటున్న మాట నా చెవిన పడింది: "ఆ పిల్ల అడుగుపెట్టిన వేళ మంచిది కాదు." ఆ పిల్ల అంటే పోయినవాడి భార్య. తెలుగు ఇళ్లలో కారణాల వెతుకులాట చివరికి చేరేది అక్కడికే. కొడుకు పోతే కోడలి పాదం, వ్యాపారం దెబ్బతింటే కొత్తగా పుట్టిన ఆడపిల్ల నక్షత్రం. దీపం వెలిగించని పంచాయతీనీ, లైట్లు లేని బండికి ఫిట్‌నెస్ ఇచ్చినవాణ్నీ వదిలేసి నోరులేని పిల్ల మీద పడతారు.

నూటనలభై ఏళ్ల కిందట ఇదే వాదం బాలవితంతువుల మెడకు చుట్టుకుంది. పసితనంలో మొగుడు పోవడం పూర్వజన్మ పాపమేనని, దాన్ని అనుభవించి తీరాలని అప్పటి పెద్దలు తీర్మానించారు. కందుకూరి వీరేశలింగం ఆ కారణాన్ని ఒప్పుకోలేదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారు. జ్వరమొచ్చి ఓ కుర్రాడు పోయాడు, అతని భార్య మిగిలింది, ఆమె బతకాలి. ఇంతకుమించి అందులో ఏమీ లేదని నమ్మితేనే అలాంటి పెళ్లి చెయ్యగలరు.

విధి అనే మాట ఇంట్లో వాళ్లను ఏడిపిస్తుంది, బయట తప్పు చేసినవాణ్ని కాపాడుతుంది. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న బస్సు పాలెం దగ్గర కల్వర్టును గుద్ది తగలబడింది. నలభై అయిదు మంది కాలిపోయారు. పన్నెండేళ్లకు, 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున, హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు అదే జాతీయ రహదారి మీద కర్నూలు దగ్గర చిన్నటేకూరులో ఓ బైకును ఈడ్చుకుపోయి తగలబడింది. పందొమ్మిది మంది ప్రయాణికులు నిద్రలోంచి లేచి దారి దొరక్క ఆహుతయ్యారు. రెండుసార్లూ టీవీల్లో విన్నది ఒకే పాట: విధి వంచించింది, మృత్యువు కాటేసింది.

ఆ రాత్రి ఎవరికి ఏ బెర్తు దొరికిందన్నది కాకతాళీయం. పక్కనే అద్దం పగలగొట్టే సుత్తి ఉందా, అత్యవసర ద్వారం తెరుచుకుంటుందా అన్నది ముమ్మాటికీ కాదు. ఈ సంగతి నేను ఇదే శీర్షికలో చాలాసార్లు రాశాను, ఇకముందూ రాస్తాను. మీరు ఈ రాత్రి స్లీపర్ బస్సు ఎక్కితే కూర్చోగానే సుత్తి ఎక్కడుందో చూడండి. కనిపించకపోతే క్లీనర్ని అడగండి. విమానంలో బయటపడే దారులు చూపించందే అది నేల వదలదు. టికెట్టుకు వేలు పోసే మన బస్సుల్లో నీళ్ల బాటిలిచ్చి కర్టెన్ లాగేస్తారు. ప్రమాదం జరిగిన వారం రోడ్డు రవాణా అధికారులు టోల్‌గేట్ల దగ్గర తనిఖీలు చేస్తారు, ఫొటోలు వస్తాయి, తర్వాతి వారం అంతా మామూలే. ఎందుకు మామూలవుతుందంటే, మనం ఆ చావులను అప్పటికే పైవాడి ఖాతాలో రాసేశాం కనక.

రాత మారదనేవాళ్లు మాసాయిపేటను గుర్తు చేసుకోవాలి. 2014 జులై 24న మెదక్ జిల్లాలో కాపలా లేని రైల్వే గేటు దగ్గర బడి బస్సును రైలు ఢీకొంది. పదిమందికి పైగా చిన్నారులు టిఫిన్ డబ్బాలతో సహా చెల్లాచెదురయ్యారు. అప్పుడూ ఇదే వేదాంతం వినిపించింది. 2019 జనవరి నాటికి దేశంలో బ్రాడ్‌గేజ్ మీద కాపలా లేని గేట్లన్నిటినీ రైల్వే తీసేసింది. కొన్నిచోట్ల మనిషిని పెట్టారు, కొన్నిచోట్ల వంతెన కట్టారు. కాపలా లేని గేటు దగ్గర చావులన్న వార్త ఆ తర్వాత దాదాపుగా ఆగిపోయింది. బ్రహ్మరాతే అయితే గేటుమన్‌ను పెట్టగానే ఎలా చెరిగిపోయింది?

తుపానూ అంతే. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా కొట్టుకుపోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదే తీరం దాటితే మృతుల లెక్క పదుల్లో ఆగింది. గాలి ఎటు తిరుగుతుందో మన చేతుల్లో లేదు. ముందస్తు హెచ్చరిక, తుపాను షెల్టరు, చీకటి పడకముందే జనాన్ని లారీలెక్కించడం మన చేతుల్లో ఉన్నాయి, చేశాం, బతికాం.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవారు 1,68,491 మంది అని కేంద్రం లెక్క. అందులో హెల్మెట్ లేని బైకు ప్రయాణికులే 50,029 మంది. మా కుర్రాడి హెల్మెట్ కూడా బండి హ్యాండిల్‌కే వేలాడుతోంది. ఈ మాట వాళ్లమ్మ ముందు అనను. పెదకర్మకు వచ్చి, బయట బైకుల మీద కూర్చున్న అతని స్నేహితుల ముందు మాత్రం అని తీరతాను, అన్నాను కూడా.

రాతను ఇంతగా నమ్మే మనమే పుట్టుక దగ్గర మాత్రం రాతను దిద్దబోతాం. తేదీ, గంట, నిమిషం పంతులుగారితో రాయించుకుని వెళ్లి, ఆ ఘడియలోనే బిడ్డను తియ్యమని డాక్టర్లను నిలదీసే కుటుంబాలు ఎన్నో. తెలంగాణలో నూటికి అరవైకి పైగా కాన్పులు ఆపరేషన్లేనని, ప్రైవేటు ఆస్పత్రుల్లో ఎనభై దాటాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత చెప్పింది. ఆ సర్వేలో దేశం సగటు 21.5 శాతమే. అన్నీ ముహూర్తపు కోతలని నేననను. కానీ ఆరోగ్య మంత్రిగా ఉండగా హరీశ్‌రావు ముహూర్తాలు చూసి కడుపులు కోయించకండని జనాన్ని బతిమాలాల్సి వచ్చిందంటే, జాడ్యం ఎంత ముదిరిందో ఊహించుకోండి. నెలలు నిండకుండానే బయటికి లాగిన పసివాడికి ఊపిరి ఆడక అద్దాల పెట్టెలో పెడితే అప్పుడు మళ్లీ గ్రహదోషం అంటారు. కోత నొప్పి మాత్రం ఆ తల్లిది. ముహూర్తం పెట్టించిన మామగారు ఆ నొప్పి పడడు. ఏ ఆస్పత్రీ వైద్య కారణం లేకుండా, గడియారం చూసి కత్తి పట్టకూడదు. దీన్ని నిషేధించాలి, అంతే.

ఇదంతా నాస్తికుల మాట అని కొట్టిపారెయ్యకండి. గుడికి వెళ్లేవాళ్లతో నాకు పేచీ లేదు, దుఃఖంలో దేవుణ్ని తలుచుకునే తల్లితో అసలే లేదు. యోగవాసిష్ఠంలో వసిష్ఠుడు రాముడికి బోధించింది పురుషప్రయత్నమే. దైవం అంటే మునుపు మనం చేసిన ప్రయత్నమేనని, ఇప్పటి ప్రయత్నం దాన్ని గెలవగలదని ఆయన వాదన. అంతా ముందే నిర్ణయమైపోయిందన్న మక్ఖలి గోసాలుణ్ని బుద్ధుడు గట్టిగా ఖండించాడు. ఏం చేసినా ఒకటేనన్న నమ్మకం మనిషిని చేతులు ముడుచుకునేలా చేస్తుందని ఆయన భయం. ఆ భయం నిజమని మన రోడ్లు రుజువు చేస్తున్నాయి.

కాబట్టి ఇకమీదట పరామర్శకు వెళ్లినప్పుడు వేదాంతం ఇంటి దగ్గరే వదిలి వెళ్దాం. ఎఫ్‌ఐఆర్ కాపీ తీసుకున్నారా, పోస్టుమార్టం రిపోర్టు వచ్చిందా అని అడుగుదాం. మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌లో గడువు దాటకుండా పరిహారం కేసు వేయించాలి. లైట్లు లేకుండా రోడ్డు మీద బండి వదిలేసినవాడు, ఆ బండికి బీమా చేసిన కంపెనీ అక్కడ జవాబు చెప్పాలి. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోయినా, చనిపోయినవారి కుటుంబానికి 2 లక్షలు ఇవ్వాలని 2022 ఏప్రిల్ నుంచి నిబంధన ఉంది. చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు చెప్పాలి. ఆ కోడలి చేతిలో కాగితాలు పెట్టి, తోడుగా వకీలు దగ్గరకు వెళ్లే మనిషి ఆ ఇంటికి కావాలి. మలుపులో దీపం వేయించే దాకా పంచాయతీ ఆఫీసుకు తిరిగే మనిషి ఆ ఊరికి కావాలి.

— బాటసారి