డిస్క్ నిండిందా... లెక్క చూడండి!
పెళ్లి ఫొటోలు, పిల్లల వీడియోలు కాపీ చేస్తుంటే 'డిస్క్‌లో చోటు లేదు' అన్న సందేశం వస్తే కంగారే! చాలామంది చేతికందిన ఫైళ్లన్నీ తీసిపారేస్తారు. ముందు లెక్క చూసుకోవడం మేలు. లినక్స్ వాడేవారికి అందుకు రెండు ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి.

గ్నోమ్ డెస్క్‌టాప్‌లోని 'డిస్క్ యూసేజ్ ఎనలైజర్' అసలు పేరు బావోబాబ్. అదో ఆఫ్రికా చెట్టు పేరు. గోల్కొండ నయాఖిల్లాలో ఉన్న లావుపాటి మాను ఆ జాతిదే. ఏ ఫోల్డర్ ఎంత చోటు ఆక్రమించిందో ఇది రంగుల వలయాల్లో చూపిస్తుంది.

కేడీఈ వాడేవారికి 'కేడిస్క్‌ఫ్రీ' ఉంది. ఏ డిస్క్ ఎంత పెద్దది, ఎంత ఖాళీగా ఉంది, ఏ ఫోల్డర్‌కి జోడించి ఉంది... అన్నీ ఒకే పట్టికలో కనిపిస్తాయి. ఇలా జోడించడాన్నే 'మౌంట్' అంటారు.

అసలు మెలిక ఇక్కడే. బ్యాకప్ కోసం కొందరు సొంతంగా ఓ ఫోల్డర్ పెట్టుకుని, బయటి డిస్క్‌ని దానికి మౌంట్ చేస్తుంటారు. మౌంట్ కాకుండానే అందులోకి ఫొటోలు కాపీ చేస్తే అవి కంప్యూటర్ లోపలి డిస్క్‌లోనే పడతాయి! చోటూ నిండుతుంది. ఆ డిస్క్ పాడైతే రెండు కాపీలూ పోతాయి.

అందుకే కాపీకి ముందు డిస్క్ మౌంట్ అయిందో లేదో పట్టికలో చూడండి. కాపీ అయ్యాక అందులో ఖాళీ తగ్గిందో లేదో సరిచూడండి. 'అన్‌మౌంట్' చేశాకే కేబుల్ తీయండి. ఇదంతా రెండు నిమిషాల పని. పోయిన ఫొటోలు మాత్రం మళ్లీ రావు!