బీరువాలోని బొమ్మలు

మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ వరకు వయసున్న పిల్లల కోసం కేంద్ర విద్యాశాఖ 2023 ఫిబ్రవరిలో ‘జాదూయీ పిటారా’ పేరిట ఒక పెట్టెను ఆవిష్కరించింది. మాయాపేటిక అని ఆ మాటకు అర్థం. బొమ్మలు, పజిళ్ళు, కీలుబొమ్మలు, కథల కార్డులు, పోస్టర్లు, ఆటల పుస్తకాలు అందులో ఉన్నాయి. జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి ఈ సామగ్రిని 13 భారతీయ భాషలలో సిద్ధం చేసింది. అంతకు నాలుగు నెలల ముందే, 2022 అక్టోబరులో, పునాది దశకు ఉద్దేశించిన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం వెలువడింది. ఈ ఈడు పిల్లలు ఆటపాటల ద్వారా, చేతిపనుల ద్వారా నేర్చుకోవాలనీ, వారికి పరీక్షలు పెట్టడం బొత్తిగా తగదనీ ఆ చట్రం నిర్ద్వంద్వంగా చెప్పింది. విధాన పత్రాలలో తప్పు పట్టవలసినదేమీ లేదు. పెట్టె మూత తెరుచుకుంటుందా, తెరిచిన వస్తువు పిల్లవాని చేతికి అందుతుందా అన్నదే అసలు ప్రశ్న.

ఈ సందేహం నిష్కారణమైనది కాదు. 1987లో మొదలైన ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డు’ కింద దేశవ్యాప్తంగా ప్రాథమిక పాఠశాలలకు సైన్సు కిట్లు, గణితం కిట్లు, చిన్న పనిముట్ల పెట్టెలు సరఫరా అయిన సంగతి ఆ తరం ఉపాధ్యాయులకు గుర్తుండే వుంటుంది. అనేక చోట్ల ఆ సామగ్రి తాళం వేసిన బీరువాలలోనే భద్రంగా ఉండిపోయింది. అందుకు ఉపాధ్యాయుల అలసత్వం ఒక్కటే కారణమనుకోవడం అన్యాయం. స్టాకు రిజిస్టరులో ఎక్కిన ప్రతి వస్తువుకూ ఎవరో ఒకరు జవాబుదారీ కావాలి. భూతద్దం పగిలితే సంజాయిషీ ఇవ్వవలసి వచ్చే చోట, దానిని పిల్లల చేతికి ఇచ్చే సాహసం ఎవరు చేస్తారు? వాడని వస్తువు పదిలంగా ఉన్నందుకు మెప్పు, వాడి పాడైనందుకు మెమో లభించే పద్ధతిలో బీరువా తలుపు మూసి ఉండటమే క్షేమకరమని సిబ్బంది భావించడం సహజం.

ఇక అంగన్‌వాడీ, నర్సరీ పిల్లల ఈడుకు వస్తే, వస్తువును తాకకుండా నేర్చుకోవడమన్నదే అసంభవం. ఒక తొట్టిలో నీళ్ళు పోసి, పక్కన గులకరాయి, ఎండుపుల్ల, ఆకు, స్టీలు చెంచా, స్టీలు గిన్నె, పీచు తీయని కొబ్బరికాయ పెట్టి, ఏది తేలుతుందో ఏది మునుగుతుందో ముందుగా చెప్పమని నాలుగేళ్ళ పిల్లలను అడిగితే చాలు. బరువైనది మునుగుతుందని వారు తడుముకోకుండా చెబుతారు. అంత పెద్ద కొబ్బరికాయ తేలి, చిన్న గులకరాయి మునిగేసరికి ఆ నమ్మకం కదిలిపోతుంది. అదే స్టీలుతో చేసిన చెంచా మునిగి గిన్నె తేలినప్పుడు వారి కళ్ళలో కనిపించే విభ్రమమే విజ్ఞానశాస్త్రానికి తొలి పాఠం. సాంద్రత అన్న మాట వారికి ఏడెనిమిదేళ్ళ తరువాత తెలిసినా నష్టం లేదు. ముందుగా ఊహించడం, చేసి చూడడం, ఊహ తప్పితే మరల ఆలోచించడం అన్న మూడు పనులూ వారు అప్పటికే చేసివుంటారు.

ఈ ప్రయోగాలకు కావలసిన సరంజామా ప్రతి ఇంటిలోనూ ఉన్నదే. ఎర్ర మందార రేకును తెల్లకాగితం మీద రుద్దితే ఊదారంగు పడుతుంది. ఆ మరకపై నిమ్మరసం చుక్క వేస్తే ఎర్రబారుతుంది. పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రగా మారుతుందని బట్టలుతికే ప్రతి గృహిణికీ తెలుసు. అదే సంగతిని పై తరగతులలో ఆమ్లమని, క్షారమని పాఠం చెబుతారు. తడిగుడ్డలో మూట కట్టిన పెసలు ఒకటి రెండు రోజులలో మొలకెత్తుతాయి, పొడిగుడ్డలో ఉన్నవి అలాగే ఉంటాయి. ఉదయం పూట ఆవరణలో పిల్లవాని నీడ చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, మధ్యాహ్నం అతడిని తిరిగి అక్కడే నిలబెడితే నీడ కురచ కావడాన్ని తానే కనిపెడతాడు. అయితే కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. గింజను ముక్కులో, చెవిలో దూర్చుకునే వయసు అది. నీళ్ళ తొట్టి పక్క నుంచి పెద్దలు అడుగు కదపరాదు. పసిపిల్లల చేత పని చేయించడం వారికి పలక ఇచ్చి కూర్చోబెట్టడం కంటె శ్రమతో కూడినదన్న వాస్తవాన్ని విధానకర్తలు విస్మరించరాదు.

చిత్రకళ సంగతి కూడ అంతే. బెండకాయను అడ్డంగా కోసి రంగులో అద్ది కాగితం మీద ఒత్తితే పువ్వు పడుతుంది. బంకమట్టిని పిసికి పామును, లడ్డును, ఎద్దును చేయడంలో అరచేతి కండరాలు, వేళ్ళ కీళ్ళు పదును తేలుతాయి. ఆ బలం రాకముందే పెన్సిలు పట్టించి పేజీల కొద్దీ ‘అ’ రాయించడం వల్ల చేతికి నొప్పి, చదువు పట్ల వెగటు తప్ప ఒరిగేదేమీ లేదు. పిల్లవాడు నీలిరంగు ఆవును గీస్తే సరిదిద్దవలసిన అవసరమూ లేదు. టీచరు ముందుగా గీసి ఇచ్చిన ఆపిల్ పండులో గీత దాటకుండా ఎరుపు నింపించడాన్ని చిత్రకళ అని పిలవడం మాత్రం ఆలోచించవలసిన విషయం.

ఇది విదేశాల నుంచి కొత్తగా దిగుమతి అయిన వేలంవెర్రి అనుకునేవారు కొంచెం వెనక్కి చూడాలి. జర్మనీలో ఫ్రోబెల్ 1840లో తన బడికి పెట్టిన ‘కిండర్‌గార్టెన్’ అనే పేరుకు పిల్లల తోట అని అర్థం. ఊలుబంతులు, కొయ్యగోళాలు, దిమ్మెలు అక్కడి పాఠ్యపుస్తకాలు. మన దేశంలో న్యాయవాద వృత్తిని విడిచిపెట్టిన గిజుభాయ్ బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం ప్రారంభించారు. ఆయన సహచరి తారాబాయి మోడక్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీకి వెళ్ళి, మాంటిస్సోరి సామగ్రి కొనే స్తోమత లేని పల్లెలలో పనిచేశారు. బడికి పిల్లలు రాకపోతే బడే పిల్లల ముంగిటికి వెళ్ళాలన్నది ఆమె ఆలోచన. స్థానికంగా దొరికే చౌక వస్తువులతోనే ఆమె, అనుతాయి వాఘ్ బోధనోపకరణాలు తయారు చేశారు. ‘అంగన్‌వాడీ’ అన్న మాట ఆ ముంగిలి నుంచి పుట్టినదే. పత్రికలవారము దీనిని ‘పూర్వ ప్రాథమిక విద్య’ అని తెనిగించి, తోటనూ ముంగిలినీ కూడ తరగతి గదిగా మార్చివేశామేమోనని ఒక్కొక్కసారి అనిపిస్తుంది.

1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం నేడు దాదాపు 14 లక్షల కేంద్రాలకు విస్తరించింది. ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు. పౌష్టికాహారం, బరువు తూచడం, టీకాలకు తీసుకురావడం, గర్భిణుల జాబితా, సర్వేలు అన్నీ వారి నెత్తి మీదే. 2021 నుంచి పోషణ్ ట్రాకర్ యాప్‌లో వివరాల నమోదు అదనం. ‘పోషణ్ భీ పఢాయీ భీ’ పేరిట 2023 మేలో ఆరంభమైన కార్యక్రమం రోజుకు కనీసం రెండు గంటల పూర్వ ప్రాథమిక విద్య అందాలని నిర్దేశించింది. అందుకు కార్యకర్తలకు ఇచ్చే శిక్షణ మూడు రోజులు. ఆ రెండు గంటలు ఆమె దినచర్యలో ఏ పని తగ్గించి సమకూర్చాలో ఏ ఉత్తర్వూ చెప్పడం లేదు.

ఆమెకు లభించే ప్రతిఫలం సంగతి చెప్పకుండా ఈ చర్చ ముగియదు. కేంద్రం ఆమె గౌరవ వేతనాన్ని 2018 అక్టోబరు నుంచి రూ.3,000 నుంచి రూ.4,500కు పెంచింది. రాష్ట్రాలు తమ వంతు కలుపుతున్నాయి. నెలకు రూ.11,500 పొందుతున్న ఆంధ్రప్రదేశ్ కార్యకర్తలు 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేయవలసివచ్చింది. ఆ సమయంలో ప్రభుత్వం వారిపై ఎస్మా ప్రయోగించింది. అంగన్‌వాడీ కార్యకర్తలు, సహాయకులు గ్రాట్యుటీకి అర్హులని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే తీర్పు చెప్పింది. విద్యాహక్కు చట్టంలోని 11వ సెక్షను ప్రస్తావించిన పూర్వ ప్రాథమిక విద్యను నిర్వహిస్తున్నది వీరేనన్న వాస్తవాన్ని న్యాయస్థానం ఆ తీర్పులో పరిగణనలోకి తీసుకున్నది. విద్యాబోధన భారం మోపేటప్పుడు టీచరమ్మ అనీ, వేతనం మాట వచ్చినప్పుడు సేవకురాలనీ పిలవడం పరిపాలనకు శోభనీయం కాదు.

తల్లిదండ్రుల పాత్రను కూడ దాచి లాభం లేదు. బురద చేతులతో ఇంటికి వచ్చిన పిల్లవానిని చూసి ‘ఇవాళ ఏం రాశావు?’ అని అడగని ఇల్లు అరుదు. రాత పుస్తకం కంటికి కనబడుతుంది. నీళ్ళలో గిన్నె ఎందుకు తేలిందన్న ఆలోచన కనబడదు. ఎల్‌కేజీ పిల్లవాని నోటుపుస్తకం నిండితే చదువు సాగుతున్నదన్న భరోసా కలుగుతున్నది గనుకనే, రెక్కాడితే గాని డొక్కాడని కుటుంబాలు సైతం అప్పు చేసి ప్రైవేటు ఫీజులు కడుతున్నాయి. వారిని తప్పుపట్టే ముందు, వీధిలోని అంగన్‌వాడీలో వారికి కనిపిస్తున్నదేమిటో చూడాలి. కనిపిస్తున్నది గుడ్లు, పాలు పంచే చోటు మాత్రమే. ఆటలో చదువు ఉన్నదని నమ్మించగల ఆట అక్కడ సాగకపోతే తల్లి పలకనే నమ్ముతుంది.

ప్రైవేటు నర్సరీల తీరుపై ఆచార్య యశ్‌పాల్ కమిటీ 1993లోనే హెచ్చరించింది. పసిపిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు మితిమీరి రుద్దడాన్ని హింసగా పేర్కొని, ఇటువంటి సంస్థలను క్రమబద్ధం చేయాలనీ, నర్సరీ ప్రవేశానికి పరీక్షలు, ఇంటర్వ్యూలు రద్దు చేయాలనీ సిఫార్సు చేసింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రవేశాలకు వడపోతలను నిషేధించింది గాని, హోంవర్కు సంగతి మాత్రం యాజమాన్యాల చిత్తానికే మిగిలింది.

2030 నాటికి ప్రతి శిశువుకూ నాణ్యమైన పూర్వ ప్రాథమిక విద్య అందాలని 2020 జాతీయ విద్యావిధానం గడువు పెట్టింది. గడువు దగ్గరపడుతున్నది. కార్యకర్తల వేతనాలు, అదనపు సిబ్బంది పెద్ద పద్దులు. వాటిపై కేంద్ర, రాష్ట్రాల బేరసారాలు ఇప్పట్లో తేలకపోవచ్చు. కాని ఒక చిన్న పని వెంటనే చేయవచ్చు. కేంద్రంలో వండిన పప్పు ఏమయిందని ఎవరూ అడగరు, అది ఖర్చయ్యే సరకు. రంగుపొడి, కాగితం, బంకమట్టి, జిగురు, గింజలు, చివరకు ఆ మాయాపేటికలోని బొమ్మలను సైతం అదే పద్దులో చేర్చాలి. నెలకు కొద్దిపాటి మొత్తాన్ని కార్యకర్త స్వయంగా, అడుగడుగునా వోచర్ల బెడద లేకుండా ఖర్చు పెట్టుకునే వీలు కల్పించాలి. ఏడాది చివర విరిగిన, అరిగిన బొమ్మలను సంజాయిషీ లేకుండా కొట్టివేయవచ్చునని రాసి ఇవ్వాలి. తనిఖీకి వెళ్ళే సూపర్‌వైజరు రికార్డులతో పాటు గోడ మీద పిల్లల బొమ్మలను, కిటికీలో మొలకలను కూడ చూడాలి. ఇందుకు పార్లమెంటులో బిల్లు అవసరం లేదు. శాఖ నుంచి ఒక సర్క్యులరు సరిపోతుంది.