మోటార్‌కు రెండు చుక్కలు, మనకు పది నిమిషాలు

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ గల్లీల్లో మిషన్ మీద కూర్చునేటోళ్ల కోసం ఇది రాస్తున్నం. పోస్టు పెద్దగనే ఉంటది. షాపు మూసి, తిన్నంక తీరిగ్గా చదవండి.

చెప్పేది ముందే చెప్తం. పాత మిషన్ మోటార్‌ను చూసుకునుడు కుట్టేటోడు నేర్చుకోవాల్సిన పనే. దానికి పట్టే టైము, ఆయిల్ పైసలు, కార్బన్ల పైసలు మాత్రం షాపువి. ఈ రెండు మాటలు కలిపే చెప్పాలె. మొదటిది ఒక్కటే చెప్తే వెట్టి చాకిరి అయితది. రెండోది ఒక్కటే పట్టుకొని కూర్చుంటే మిషన్ ఆగి మన పొట్టే కొడ్తది.

ప్రయాణికుల విమానాలు 2014లో హమద్ ఎయిర్‌పోర్ట్‌కు పోయినయి. మన ఏరియాకు పేరు మాత్రం అట్లనే ఉన్నది. మెట్రో స్టేషన్ పేరు కూడా అల్ మతార్ అల్ ఖదీమ్, అంటే పాత విమానాశ్రయమే. షాపుల్లో కూడా అంతే. ముందు వరుసలో కొత్త ఇండస్ట్రియల్ మిషన్లు ఉంటయి. వెనక మూలకు ఒక నల్ల సింగరో, ఉషానో, జపాన్‌దో ఉంటది. జిప్పు మార్చాలన్నా, ప్యాంటు పొట్టి చేయాలన్నా, జీన్స్ మందం మడత కుట్టాలన్నా దాని కాడికే పోతం. దాని తల అంతా ఇనుము. అది పాడవుడు అరుదు. ముందుగ పాడయ్యేది దానికి బిగించిన మోటారే.

మనలో చానామంది ఊర్లో తొక్కుడు మిషన్ మీద నేర్చుకున్నోళ్లమే. కలకత్తాల జై ఇంజనీరింగ్ వర్క్స్ 1930లలో మొదలుపెట్టిన ఉషా మిషన్లు మన ఊర్లల్ల ఇంటింటికీ చేరినయి. పెండ్లికి పెట్టిన మిషన్ మీదనే అమ్మ దగ్గరనో అక్క దగ్గరనో నేర్చుకున్నోళ్లు ఎందరో ఉన్నరు. తొక్కుడు మిషన్‌కు మన కాలే మోటార్. కాలు నొస్తే మనకు తెలుస్తది, ఆగుతం. కరెంటు మోటార్‌కు నోరు లేదు. వాసన, చప్పుడు, వేడి, ఈ మూడే దాని మాటలు. అవి అర్థం చేసుకునుడు ఊర్లో మనకెవరూ నేర్పలే. ఇక్కడ మనకు మనమే నేర్చుకోవాలె.

మోటార్‌కు ఏదన్నా వేసే ముందు అది ఏ రకమో చూడండి. పాత మిషన్లకు మూడు రకాలు కనిపిస్తయి.

మొదటి రకానికి ఇరుసు రెండు చివర్ల కాడ చిన్న రంధ్రాలు ఉంటయి. కొన్నిటికి పక్కన ఆయిల్ అని రాసి కూడా ఉంటది. లోపల బుష్, దాన్ని ఆనుకొని ఆయిల్ పీల్చి పెట్టుకునే ఫెల్ట్ ముక్క ఉంటయి. ఒక్కో రంధ్రానికి ఒకటి రెండు చుక్కల కుట్టు మిషన్ ఆయిల్ చాలు. అది కూడా కొన్ని నెలలకు ఒకసారి. తలకు వేసినట్టు రోజూ మోటార్‌కు వేయొద్దు.

రెండో రకం పాత సింగర్లల్ల కొన్నిటికి ఉంటది. 15-91 లాంటి వాటిల్లో బెల్టు ఉండదు, మోటార్ మిషన్‌లోనే కలిసి ఉంటది. వీటికి గ్రీజు గొట్టాలు ఉంటయి. గొట్టంలో మెత్తటి గ్రీజు, దాంట్ల వత్తి. మోటార్ వెచ్చబడ్డప్పుడు గ్రీజు కరిగి వత్తి వెంబడి ఇరుసుకు చేరతది. దీపంలో నూనె వత్తి పట్టుకొని వచ్చినట్టే. దీంట్ల ఆయిల్ పోస్తే అది నిలవదు, లోపలికి జారి తీగల మీదికి పోతది. లారీ బేరింగులకు పెట్టే గట్టి గ్రీజు పెడితే ఆ కొంచెం వేడికి కరగదు, ఇరుసు ఎండిపోతది. తక్కువ వేడికి కరిగే కుట్టు మిషన్ మోటార్ గ్రీజు అడిగి తీసుకోవాలె.

మూడో రకానికి రంధ్రం ఉండదు, గొట్టం ఉండదు. బేరింగులు మూసేసి వస్తయి. దానికి ఏమీ వేయొద్దు. వేసే జాగ దొరకలేదని గాలి ఆడే సందుల్లోంచి ఆయిల్ పోసినోళ్లను చూసినం. ఆ సందుల వెనక ఉండేది రాగి తీగల చుట్ట. ఆయిల్ పడితే దుమ్ము, నూలు పొట్టు దానికి అంటుకొని ముద్దగ అయితది. మోటార్‌కు గాలి ఆడదు. తర్వాత వాసన, పొగ.

ఇగ ఏ ఆయిల్ అన్నది. రూముల్లో కొబ్బరి నూనె సీసా ఉంటది, వంటకాడ సన్‌ఫ్లవర్ డబ్బా ఉంటది. చేతికందింది పోసుడు మనకు అలవాటు. వంట నూనె కొన్ని దినాలకు బంకగ మారతది. కొబ్బరి నూనె సంగతి అందరికీ ఎరుకే, చలికాలం ఊర్లో సీసాలనే గడ్డ కడ్తది. అది 24 డిగ్రీల కాడ గట్టిపడతది. షాపుల ఏసీ రాత్రంతా 22 మీద పెడితే పొద్దున మిషన్ లోపల ఉండేది ఆయిల్ కాదు, వెన్న. డబ్ల్యూడీ 40 స్ప్రే తుప్పు వదిలించడానికి, మురికి కడగడానికి పనికొస్తది. ఎక్కువ దినాలు ఆయిల్ లెక్క నిలవదు. అందులో మోటార్ లోపల నిప్పురవ్వలు వస్తుంటయి, మండే స్ప్రే అక్కడ కొట్టొద్దు. కుట్టు మిషన్ ఆయిల్ నీళ్ల లెక్క తెల్లగ, పల్చగ ఉంటది. చిన్న సీసా చానా రోజులు వస్తది. దాని మీద పొదుపు చేసే షాపు మోటార్ మీద నష్టపోతది.

ఇంకో ముఖ్యమైన సంగతి. మోటార్ వేడెక్కిందంటే మోటార్‌దే తప్పు అనుకోవద్దు. ప్లగ్గు తీసి, బెల్టు తీసి, పైచక్రాన్ని చేత్తో తిప్పండి. బరువుగ తిరిగితే రోగం తలలో ఉన్నట్టు. ఆయిల్ ఎండిపోయి ఉంటది, లేకుంటే షటిల్ కాడనో చక్రం వెనకనో దారం చుట్టుకొని ఉంటది. ఆ బరువంతా మోటార్ గుంజుతున్నది. తలకు ఆయిల్ వేయకుండ మోటార్ మార్చుడంటే ఎద్దు కాలికి దెబ్బ తగిలితే బండి మార్చినట్టే. చక్రం తేలిగ్గ తిరిగితే అప్పుడు మోటార్‌ను అనుమానించాలె. బెల్టు కూడా చూడండి. వేలితో నొక్కితే కొంచెం లోపలికి పోవాలె. జారుతున్నదని బిగదీసి కడితే ఇరుసు ఒక పక్కకు లాగి బుష్ అరుగుతది, మోటార్ మండుతది.

కార్బన్లు మోటార్‌కు రెండు పక్కల బిళ్లల కింద ఉంటయి. అవి అరిగేందుకే పెట్టినయి, అరుగుతయి. తీసేటప్పుడు ఏది కుడిది, ఏది ఎడమది, ఏ ముఖం ఎటు ఉన్నది గుర్తు పెట్టుకోండి. అదే తీరుగ పెడితేనే వంపు సరిగ్గ కూర్చుంటది. 6 మిల్లీమీటర్ల వరకు అరిగితే కొత్తవి వేయాలె. సందులోంచి చూస్తే సన్నటి నీలం మెరుపు కనిపిస్తే భయం లేదు. పసుపు మంట గుండ్రంగ తిరిగినట్టు కనిపిస్తే వెంటనే ఆపాలె. కార్బన్లు ఆనుకొని తిరిగే రాగి గుండ్రాన్ని కమ్యుటేటర్ అంటరు. అది నల్లబడితే దూది పుల్లకు స్పిరిట్ అద్ది తుడవాలె. పూర్తిగ ఆరినంకనే ప్లగ్గు పెట్టాలె. ఎమరీ కాగితంతో రుద్దొద్దు, దాని పొడి కరెంటును మోస్తది. కార్బన్లకు, ఈ రాగి గుండ్రానికి ఒక్క చుక్క ఆయిల్ కూడా తగలొద్దు.

కరెంటు సంగతి అన్నిటికంటే పెద్దది. కతార్‌లో 240 వోల్టులు. మన దేశపు మోటార్‌కు ఇబ్బంది లేదు. జపాన్‌లో వాడిన మిషన్ 100 వోల్టులది, అమెరికాది 110 నుంచి 120. సెకండ్ హ్యాండ్‌ల అగ్గువకు వచ్చిందని అడాప్టర్ పెట్టి గుచ్చితే కాలిపోతది. అడాప్టర్ మార్చేది పిన్ను ఆకారమే, వోల్టేజీని కాదు. దానికి వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కావాలె. ఇక్కడి మూడు పిన్నుల ప్లగ్గులో ఫ్యూజు ఉంటది. కుట్టు మిషన్ లాంటి చిన్నదానికి 3 ఆంపియర్లది సరిపోతది. 13 ఆంపియర్లది పెడితే తీగ కాలినా ఫ్యూజు పోదు. పాత మిషన్ వైరు మీది రబ్బరు పెళుసుగ రాలుతుంటే టేపు చుట్టి నెట్టుకురావద్దు, ఎలక్ట్రీషియన్‌తో మార్పించాలె. ఇనుప మిషన్‌కు చేయి తగిలినప్పుడు చిమచిమ అంటే ఆ క్షణమే లేచి ప్లగ్గు తీయండి. కుట్టు ఆగితే మళ్ల కుట్టుకోవచ్చు.

ఇక్కడిదాకా మన వంతు. ఇగ షాపు వంతు.

ముక్కకు ఇంత అని కుట్టేటోనికి మిషన్ ఆగితే ఆ పూట సంపాదన లేదు. మోటార్ మీద ఆయిల్ ఎక్కువైతే బెల్టు దాన్ని చిమ్ముతది. తెల్లటి తోబ్ మీద ఒక్క నల్ల చుక్క పడితే గిరాకీ ఒప్పుకోడు, కోత మన మీదికి వస్తది. అంటే మోటార్ బాగోగుల నష్టం మొదట తగిలేది మనకు. మోటార్ బాగుంటే లాభం మొదట పోయేది షాపుకు. అందుకే దాన్ని చూసుకునే టైమును పని టైములోనే లెక్కగట్టాలె అంటున్నం. డ్రైవర్ బండికి గాలి కొట్టించుకుంటే అది డ్యూటీలో భాగమే కదా. టైలర్ మిషన్ తుడుచుకుంటే మాత్రం పని లేక కూర్చున్నట్టు ఎందుకు చూడాలె?

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలె. 2004 నాటి 14వ నంబర్ కార్మిక చట్టం ప్రకారం మన తప్పు వల్ల యజమాని మిషన్‌కో, సరుకుకో నష్టమైతే పరిహారం కోయొచ్చు. కానీ ముందు విచారణ జరగాలె. ఒక నెలలో కోత 7 రోజుల జీతం దాటొద్దు. 2021 మార్చి నుంచి అమల్లో ఉన్న కనీస జీతం 1000 రియాళ్ల మీద లెక్కేసుకుంటే అది 233 రియాళ్లు. ప్రమాదం జరగకుండ తీసుకునే జాగ్రత్తల ఖర్చు మన జీతంలోంచి కోయొద్దని కూడా ఆ చట్టంలోనే ఉన్నది. పెళుసు వైరు మార్పించుడు మన జేబులోంచి పోవాల్సింది కాదు. అందుకే మోటార్ వాసన వస్తే నోటితో చెప్పి ఊకోవద్దు. ముదీర్‌కు వాట్సాప్‌ల ఫొటో పెట్టి, తారీఖుతో రాసి పెట్టండి. రేపు మోటార్ కాలిందని మాట వస్తే, మనం ముందే చెప్పినట్టు అది సాక్ష్యం.

కొందరు అంటరు, మిషన్ మనది కాదు, పాడైతే వాళ్లదే బాధ అని. దాని ముందు రోజుకు పది గంటలు కూర్చునేది మనం. షాక్ కొడితే మన చేయికే కొడ్తది. ఇంకొందరు మెకానిక్ ఉన్నడు కదా అంటరు. నిజమే, తీగలు కాలితే ఆయనే రావాలె. కానీ మెకానిక్‌ను పిలిచేదాకా పోకుండ ఆపేది వారం వారం చేసే చిన్న పని. రంజాన్ ముందు అన్ని షాపుల మిషన్లూ ఒక్కసారే మొరాయిస్తయి, అప్పుడు ఏ మెకానిక్ దొరుకుతడు? మూడో మాట, ముదీర్ ఒప్పుకోడు అని. ఒక్కరు అడిగితే ఒప్పుకోకపోవచ్చు. షాపుల ఉన్న నలుగురు కలిసి, గురువారం మూసే ముందు పది నిమిషాలు, రంజాన్‌కు నెల ముందు ఒక అరపూట అని లెక్కతో అడిగితే, ఈద్ ముందు ఆగే పనితో పోల్చి చూపిస్తే, వ్యాపారం తెలిసినోడు కాదనడు.

దసరాకు ఇంటికాడ మిషన్‌కు బొట్టు పెట్టి దండ వేస్తం. ఇక్కడ కూడా రూముల్లో, షాపుల్లో కత్తెరకు, టేపుకు పసుపు కుంకుమ పెట్టేటోళ్లు ఉన్నరు. మంచిదే. ఏడాదికి ఒక్క రోజు పూజ చేసిన చేతికి, మిగిలిన వారాల్లో తుడవనీకి ఒక గుడ్డ, ఆయిల్ సీసా కూడా కావాలె. ఆ గుడ్డ, సీసా షాపు ఇవ్వాలె.

ఇంకొక్క మాట. ఒప్పందం అయిపోయినంక మిషన్ ఇక్కడనే ఉంటది, మనం పోతం. చేతి పని మనతోనే వస్తది. ఇంటికాడ అక్కనో, భార్యనో తొక్కుడు మిషన్‌కు మోటార్ బిగించుకొని జాకెట్లు కుడుతుంటది. అది ఆగిందని ఫోన్ వస్తే పైసలు పంపే ముందు వీడియో కాల్ చేసి, ప్లగ్గు తీసి, బెల్టు తీసి, చక్రం తిప్పి చూడమని చెప్పండి. సగం సార్లు అక్కడనే తేలిపోతది.

ఈ గురువారం షాపు మూసే ముందు ప్లగ్గు తీసి, మీ మోటార్ మూడింట్ల ఏ రకమో చూడండి. ఒక కాగితం మీద రాసి మిషన్ పక్కన గోడకు అతికించండి. మీ తర్వాత ఆ కుర్చీలో కూర్చునేటోడు ఏ దేశపోడైనా గాని, ఆ సందుల్లో ఆయిల్ పోయకుండ ఆగుతడు.