ఏకై వచ్చి మేకై కూర్చున్నవి

మనిషి సంస్కారం ఇంటికి వచ్చేటప్పటికంటే వెళ్ళేటప్పుడే ఎక్కువగా తెలుస్తుందని నా అభిప్రాయం. సాఫ్టువేరు విషయంలోనూ అంతే. వచ్చేటప్పుడు అదెంతో వినయంగా వస్తుంది. నాలుగుసార్లు మీట నొక్కితే చాలు, ఇంట్లో మనిషై కూర్చుంటుంది. పొమ్మన్నప్పుడు చూడాలి దాని అసలు రూపం! ఎందుకు పొమ్మంటున్నారని నిలదీస్తుంది, ఇంకో నెల ఉచితంగా ఉంటానని బతిమాలుతుంది, నేను పోతే మీకే నష్టమని బెదిరిస్తుంది. చివరికి పోయినట్టు నటించి ఏ మూలనో నక్కి ఉంటుంది. ఏకై వచ్చి మేకై కూర్చోవడమని మన పెద్దలు దీనికి ఏనాడో పేరు పెట్టి ఉంచారు.

ఈ మొండితనం సాంకేతికమైన లోపం కాదనీ, తెలిసి చేస్తున్న వ్యాపారమనీ నా వాదన.

ముందు దీని పనితీరు చూద్దాం. విండోసులో ఒక ప్రోగ్రామును తొలగించమని మనం అడిగితే, సాధారణంగా విండోసు ఆ పనిని స్వయంగా చేయదు. ఆ ప్రోగ్రాముతోపాటు వచ్చిన అన్‌ఇన్‌స్టాలరును పిలిచి దానికి అప్పగిస్తుంది. అంటే ఖాళీ చేయనని మొండికేసిన అద్దెదారునే కోర్టు అమీనాగా నియమించి, నిన్ను నువ్వే ఖాళీ చేయించుకోమన్నట్టు! దానికి మనసుంటే అన్నీ తీసుకుపోతుంది. లేకపోతే కంప్యూటరు తెరవగానే మొదలయ్యే సేవల్లోనో, వేళకు లేచే షెడ్యూల్డ్ టాస్కుల్లోనో, బ్రౌజరు పొడిగింతల్లోనో, రిజిస్ట్రీలోనో తన విత్తనాలు వదిలి వెళుతుంది. నడుస్తున్న ఫైలును చెరపడానికి విండోసు సాధారణంగా ఒప్పుకోదు. ఈ నియమాన్ని ఆసరా చేసుకుని కొన్ని ప్రోగ్రాములు జంటగా నడుస్తాయి. ఒకదాన్ని ఆపితే రెండోది దాన్ని మళ్ళీ లేపుతుంది.

మా వీధిలో ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులున్నారు. కొత్త ల్యాప్‌టాపులో తన బాల్య జ్ఞాపకాలు రాసుకుంటున్నారు. దానితోపాటే వచ్చిన ఒక ఆంటీవైరసు, గడువు తీరిన నాటినుంచి రోజుకు నాలుగైదుసార్లు ఎర్రని పెట్టెలో ఇంగ్లీషులో హెచ్చరించేది: మీ కంప్యూటరు ప్రమాదంలో ఉంది, వెంటనే డబ్బు కట్టండి. ఆయన భయపడి వారంరోజులు రాత మానేశారు, రాసినదంతా ఎక్కడ పోతుందోనని. నేను వెళ్ళి సెట్టింగుల్లోంచి దాన్ని తొలగించాను. మళ్ళీ తెరిస్తే దాని సహాయకుడొకడు మిగిలే ఉన్నాడు. ఆ కంపెనీవారి వెబ్‌సైటులో విడిగా పెట్టిన తొలగింపు పనిముట్టు వెతికి దింపుకుని, సేఫ్ మోడులోకి వెళ్ళి నడిపితే తప్ప పీడ వదలలేదు. అది పోగానే విండోసులో ముందునుంచీ ఉన్న డిఫెండరు తనంతట తానే కాపలాకు వచ్చింది. ఆయనకు ఏ ప్రమాదమూ లేదు, ఉన్నదల్లా భయమే. అంతా అయ్యాక ఆయన, "కొన్నది నేనే కదా బాబూ, నేను పొమ్మంటే పోనిది నా యింట్లో ఉన్నప్పుడు ఈ యంత్రం నాదని ఎలా అనుకోను?" అన్నారు. ఇంత సూటి ప్రశ్న నాకు ఏ సాంకేతిక వ్యాసంలోనూ కనబడలేదు.

ఈ ప్రశ్న పాతదే. 1998లో అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్టుపై వేసిన గుత్తాధిపత్యపు దావాలో ఇదొక ముఖ్యాంశం. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు విండోసులో అంతర్భాగమనీ, విడదీయలేమనీ ఆ కంపెనీ వాదించింది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఎడ్వర్డ్ ఫెల్టెన్ దాన్ని విండోసు 98 నుంచి తీసివేసే ఒక ప్రోగ్రాము రాసి సాక్ష్యం చెప్పాడు. అలా తీసివేస్తే విండోసు కుంటుపడుతుందని చూపడానికి కంపెనీ 1999లో కోర్టులో ప్రదర్శించిన వీడియో, ప్రభుత్వ న్యాయవాది ప్రశ్నల ముందు నిలవలేదు. ఇరవై అయిదేళ్ళు గడిచాయి. ఐరోపా సమాజపు డిజిటల్ మార్కెట్ల చట్టం 2024 మార్చిలో పెద్ద కంపెనీలపై అమలుకు రాగానే, అక్కడి విండోసు వాడుకరులకు ఎడ్జ్ బ్రౌజరును తొలగించుకునే వీలు దొరికింది. గుంటూరులో ఊడిరాని మేకు పారిస్‌లో ఊడివస్తోందంటే, అది గోడలోకి దిగినది సాంకేతిక కారణంవల్ల కాదని వేరే చెప్పాలా?

తొలగింపే ప్రమాదమైన సందర్భమూ ఉంది. 2005లో సోనీ బీఎంజీ అమ్మిన కొన్ని పాటల సీడీలు కంప్యూటరులో పెడితే, నకళ్ళు తీయకుండా అడ్డుకునే సాఫ్టువేరు చేరి, తన ఉనికిని విండోసుకే కనబడకుండా దాచుకునేది. ఆ సంగతిని మార్క్ రుసినోవిచ్ అనే నిపుణుడు అక్టోబరు 31న తన బ్లాగులో బయటపెట్టాడు. దాన్ని చేత్తో పీకేస్తే సీడీ డ్రైవే పనిచేయకుండా పోయేది. గోల పెరిగాక కంపెనీ అంతర్జాలంద్వారా ఒక తొలగింపు పద్ధతి ఇచ్చింది. అది ఏ వెబ్‌సైటయినా కంప్యూటరులో చొరబడగలిగేంత పెద్ద కన్నం వదిలి వెళుతోందని కనిపెట్టినవారు మళ్ళీ ఆ ఫెల్టెనే, ఆయన శిష్యుడు అలెక్స్ హాల్డర్‌మన్. పాట వినడానికి సీడీ కొన్నవాడికి దక్కిన ఫలితమది.

అంతకంటే ఘనమైనది 2015 నాటి లెనోవో ఉదంతం. కొన్ని నమూనాల్లో కంపెనీ తన ప్రోగ్రామును మదర్‌బోర్డు మీది ఫర్మువేరులోనే పెట్టింది. హార్డుడిస్కు మొత్తం తుడిచి, విండోసును కొత్తగా ఎక్కించినా అది తిరిగి వచ్చేది. విమర్శలు వచ్చాక ఫర్మువేరు మార్చి, తొలగించే పనిముట్టునూ ఇచ్చారు. ఇల్లు కూల్చి కట్టుకున్నా పునాదిలోంచి లేచివచ్చే అతిథి!

ఇక అవతలివారి మాట. ఆంటీవైరసును ఎవరైనా తేలికగా తీసేయగలిగితే వైరసు కూడా తీసేస్తుంది కదా అంటారు. నిజమే. అయితే అది ఎదిరించవలసినది దొంగను, యజమానిని కాదు. ఒకసారి సంకేతపదం అడిగి, చెప్పగానే మూటాముల్లె సర్దుకుని పోవాలి. ఇలాంటివి చేర్చడంవల్లే ల్యాప్‌టాపు చవకగా వస్తోందనేది ఇంకో మాట. అదే నిజమైతే ఆ సంగతి పెట్టెమీద రాసి, అవేవీ లేని యంత్రాన్ని కూడా ధర చెప్పి అమ్మాలి. ఎంచుకోవడం మన పని.

అంతవరకూ మన జాగ్రత్తలో మనం ఉండాలి. ముందు మీ రాతలన్నిటికీ బయట ఒక నకలు తీసుకోండి. తరువాత సెట్టింగుల్లోంచి తొలగించండి. మిగిలితే ఆ తయారీదారు ఇచ్చే పనిముట్టు, అదీ చాలకపోతే సేఫ్ మోడు. కంప్యూటరు తెరవగానే ఏవేవి లేస్తున్నాయో చూడడానికి రుసినోవిచ్ బృందపు ఆటోరన్స్ ఉచితంగా దొరుకుతుంది. తెలియనిదాన్ని చెరపకుండా, దాని ముందున్న టిక్కు మాత్రం తీసి చూడండి. రిజిస్ట్రీని కడిగి శుభ్రం చేస్తామనే ప్రోగ్రాముల జోలికి పోకండి. ఎంతో పేరున్న సీక్లీనరులోకే 2017లో దుండగులు చొరబడి, అధికారిక దింపుకోలులోనే తమ సరుకు కలిపారు. చీపురే చెత్త మోసుకొచ్చింది.

అయినా చిట్కాలు తెలిసిన నాలాంటివాళ్ళతో ఈ సమస్య తీరదు. మా మాస్టారు సేఫ్ మోడు నేర్చుకోవాలనడం న్యాయం కాదు. మన దేశంలో 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఒక చక్కని సూత్రం చెప్పింది: సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో, దాన్ని వెనక్కి తీసుకోవడమూ అంత తేలికగా ఉండాలని. అదే ఏడాది నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారసంస్థ పదమూడు రకాల మాయపోకడలను నిషేధించింది. పదేపదే విసిగించడం, చందా రద్దు చేసుకోనివ్వక చిక్కులు పెట్టడం ఆ పట్టికలో ఉన్నాయి. సమాచారానికీ చందాకూ ఒప్పుకున్న న్యాయాన్ని సాఫ్టువేరుకు ఎందుకు వర్తింపజేయకూడదు? ఎక్కించడానికి ఎన్ని మీటలో తీయడానికీ అన్నే. పోయేటప్పుడు ఏమీ వదలకూడదు. పొమ్మన్నాక మళ్ళీ అడగకుండా రాకూడదు. నేను కోరేది ఈ మూడే.

ఎక్స్‌పీ రోజులు మనకు గుర్తున్నాయి. తెలుగు అక్షరం సరిగా కనబడడానికి సీడీ వెతికి పెట్టి, సంక్లిష్ట లిపుల మద్దతును అడిగి మరీ చేర్చుకునేవాళ్ళం. మన భాష పిలిస్తేనే వచ్చింది, పిలవనివన్నీ వాటంతటవే వచ్చి తిష్ఠ వేశాయి. పిలవని పేరంటానికి వచ్చినవారు కనీసం తాంబూలం పుచ్చుకుని లేవడం మర్యాద. ఆ మర్యాద తెలియనివాళ్ళకు నేర్పడానికే చట్టాలుండేది.