రక్తం మళ్ళీ ఎందుకు తీస్తున్నారు?

"సిస్టరమ్మా, మొన్ననే కదా రక్తం తీశారు, మళ్ళీ ఎందుకు?" వార్డులో ఈ మాట వినని రోజు లేదు. అడగడం మీ హక్కు, జవాబు చెప్పడం మా బాధ్యత.

టి.బి. నయమైన కొన్నేళ్ళకు కొందరికి ఊపిరితిత్తుల్లో గుల్లబారిన చోట ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ చేరుతుంది. దగ్గు, తెమడలో రక్తం చూసి టి.బి. తిరగబెట్టిందనుకుంటారు. దీనికి ఇట్రాకొనజోల్ గాని వోరికొనజోల్ గాని సాధారణంగా కనీసం ఆరు నెలలు వాడాలి.

ఈ మందులు ఒకే మోతాదులో ఇచ్చినా అందరి రక్తంలో ఒకేలా నిలవవు. వోరికొనజోల్‌ను కరిగించే లివర్ ఎంజైము పుట్టుకతోనే కొందరిలో చురుకు, కొందరిలో మందం. తర్వాతి మాత్రకు ముందు తీసిన రక్తంలో, లీటరు ప్లాస్మాకు ఈ మందు సుమారు 1 నుండి 5.5 మిల్లీగ్రాముల మధ్య ఉండేలా డాక్టర్లు చూస్తారు. తగ్గితే ఫంగస్ లొంగదు. మించితే లివర్ దెబ్బతినవచ్చు, లేనివి కనబడవచ్చు. ఇట్రాకొనజోల్ నుండి శరీరంలో తయారయ్యే హైడ్రాక్సీ ఇట్రాకొనజోల్ కూడా ఫంగస్ మీద పనిచేస్తుంది. అందుకే కొన్ని లేబొరేటరీలలో రెండింటినీ కొలుస్తారు.

ఒకసారి ఒక పెద్దాయనకు మందు స్థాయి బాగా తక్కువ వచ్చింది. మోతాదు పెంచే ముందు మంచం పక్కన కూర్చుని అడిగాను, "బాబాయిగారూ, కాప్సూల్ ఎట్లా వేసుకుంటున్నారు?" అని. "పరగడుపున, గ్యాస్ మాత్రతో కలిపి వేసుకుంటున్నానమ్మా" అన్నారు. ఇట్రాకొనజోల్ కాప్సూల్ ఒంటబట్టాలంటే కడుపులో అన్నమూ ఉండాలి, ఆమ్లమూ ఉండాలి. ముందే అడగకపోవడం మా తప్పు. దాన్ని బయటపెట్టింది ఆ రక్త పరీక్షే.

ప్రతి ఫంగస్ మందుకూ ఈ పరీక్ష అక్కరలేదు. తామరకు పూసే మందుకు అసలే వద్దు. ఇది అన్ని ఊళ్ళలో జరగదు, ఖర్చూ ఉంటుంది. అయినా డాక్టరు అవసరమన్నప్పుడు మానుకోవడం పొదుపు కాదని నా అభిప్రాయం. ఒంటబట్టని మందును ఆరు నెలలు కొనడమే అసలు దుబారా.

అందుచేత మీకు మూడు మనవులు. రక్తం తీసే రోజు, తీశాకే ఉదయం మాత్ర వేసుకోండి. మధ్యలో మాత్రలు మానితే దాచకండి, ఎవరూ కోప్పడరు. ఇంట్లో వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకుని రండి. టి.బి.కి ఇచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకు ఇచ్చే ఫెనిటాయిన్ ఈ మందుల స్థాయిని బాగా పడగొడతాయి.

మా నర్సులకూ ఒక మాట. చివరి మాత్ర ఎప్పుడు వేశారో, రక్తం ఎప్పుడు తీశారో గంటలతో సహా ఫారం మీద రాయండి. వేళ తెలియని రక్తం నుండి వచ్చిన అంకె డాక్టరును తప్పుదారి పట్టిస్తుంది. ఆ నష్టం సూది నొప్పి భరించిన రోగికే.