ముఫ్త్ వేరు, ఆజాద్ వేరు

హైటెక్ సిటీలో నౌకరీ చేసే మన పిల్లల మీద ఇప్పుడు ఇంటి పని ఒకటి పడింది. ఖాన్‌దాన్‌లో షాదీ అయినా, అఖీఖా అయినా రుఖ్ఖా డిజైన్ వాళ్లే చేయాలి. ఛత్తా బజార్ కాతిబ్ సాబ్ కలంతో చేసిన పనిని మాదాపూర్‌లో భాంజా ల్యాప్‌టాప్ మీద చేస్తున్నాడు. మంచిదే. కాకపోతే కాతిబ్‌కు కలం ఎంచుకోవడం తెలుసు. మన పిల్లలకు ఫాంటు ఎంచుకోవడం తెలియాలి.

ఇంగ్లీషువాళ్ల ‘ఫ్రీ’ అనే మాటలో మన ఉర్దూ మాటలు రెండున్నాయి: ముఫ్త్, ఆజాద్. పైసలు అడగకపోతే ముఫ్త్. వాడుకోవడానికి, మార్చుకోవడానికి, పంచుకోవడానికి ఇజాజత్ కూడా ఇస్తే ఆజాద్. ‘సొంత వాడకానికి మాత్రమే’ అని రాసివున్న ఫాంటుతో దుకాణం బోర్డు వేయిస్తే, ఒకరి మెహనత్‌ను అడక్కుండా తీసుకున్నట్టే. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ఉంటే ఆ ఫికర్ లేదు. రుఖ్ఖాకైనా, కారోబార్‌కైనా వాడుకోవచ్చు, ఫాంటును మాత్రం విడిగా అమ్మకూడదు.

అలాంటివి మనకు తక్కువేం కాదు. ఉర్దూకు నస్తలీఖ్‌లోనే నోటో నస్తలీఖ్, గుల్జార్ ఉన్నాయి. తెలుగులో నోటో ఫాంట్లున్నాయి, సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర వంటివున్నాయి. రామభద్ర లావు అక్షరం, హెడ్డింగుకు బాగుంటుంది. దానితోనే రుఖ్ఖా అంతా నింపితే దాదీమా కళ్లకు జులుమే.

ఎంచుకునే ముందు అందం కాదు, మన పేర్లు టైపు చేసి చూడండి. ఖ్వాజా, అబ్దుర్రహ్మాన్ అని కొడితే ఒత్తులు సరిగ్గా కూర్చుంటున్నాయా? ఉర్దూలో టే, డాల్, నూన్ గున్నా, బడీ యే ఉన్నాయా? అరబ్బీ కోసమే చేసిన ఫాంటులో ఇవి దొరక్కపోవచ్చు.

అసలు సంగతి ఇంకొకటుంది. జీమ్‌తో రాస్తే జలీల్ అంటే మహిమ గలవాడు. జాల్‌తో రాస్తే జలీల్ అంటే అవమానం పాలైనవాడు. తెలుగులో రెండూ ఒకటే రాత! ఈ తేడా చూపించే నుఖ్తాకు యూనికోడ్‌లో తెలుగు విభాగంలో 2021లో జాగా దొరికింది. అంతకుముందు తయారై, ఆ తర్వాత ఎవరూ ముట్టుకోని ఫాంట్లలో ఆ చుక్క ఉండదు.

ఇక్కడే ఆజాద్ అనే మాటకు విలువ తెలుస్తుంది. ముఫ్త్ ఫాంటులో చుక్క లేకపోతే, అది చేసినవాళ్ల దయ కోసం చూడాలి. ఆజాద్ ఫాంటులో లేకపోతే మనమే చేర్చుకోవచ్చు, కొత్త పేరు పెట్టి, అదే లైసెన్సుతో అందరికీ ఇవ్వొచ్చు. సైబరాబాద్‌లో పగలూరాత్రీ కంపెనీల కోసం కోడ్ రాసే నౌజవాన్‌లు మన ఇళ్లలో ఎంతమంది లేరు! నాలుగు ఆదివారాలు కూర్చుంటే మన పేర్లకు వాటి చుక్క వాటికి దక్కుతుంది. ఆ హునర్ మనవాళ్ల చేతుల్లోనే ఉంది, ఇజాజత్ కూడా ముందే దొరికింది.